పిచ్చయ్య బావ సందేహ శాతం

మా పిచ్చయ్య బావ ఆసుపత్రిలో ఉన్నాడా, ఇంటి దగ్గరున్నాడా అని కనపడిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు. ఫోన్లు చేసి మరీ అడుగుతున్నారు. రెండు చోట్లా ఉన్నాడంటే నవ్వుతున్నారు. అందుకని ఉన్నదంతా ఒకేసారి రాసి పెడుతున్నాను. చదివి ఎవరికి వాళ్లే తేల్చుకోండి. ఒక్క మాట ముందే చెప్తాను, ఆసుపత్రివాళ్ల మీద నాకే కోపమూ లేదు. వాళ్లు మా బావ ప్రాణం కాపాడారు. ఆ తర్వాత జరిగిందంతా సైన్సు.

గడ్డివాము వేస్తూ దుమ్ము పీల్చి, దాని మీద మంచులో తడిసి, బావకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. తీసుకుపోయి తాలూకా పెద్దాసుపత్రిలో చేర్చాను. సూదులు పొడిచారు, సెలైన్లు ఎక్కించారు, ముక్కుకి గొట్టం పెట్టారు. వారం తిరక్కముందే బావ లేచి కూర్చుని బీడీ అడిగాడు. డాక్టరు గారు వీపు మీద గొట్టం పెట్టి విని, "శుభ్రంగా ఉంది పెద్దాయనా. రేపు ఇంటికి పోవచ్చు" అన్నారు.

"రేపెందుకు సారూ, ఇప్పుడే పోతా. ఆడ మా బర్రె ఆగేట్టు లేదు" అన్నాడు బావ.

ఈ గేదె సంగతి చెప్పాలి. పేరు మంగ. దాని దూడ వానాకాలంలో చచ్చిపోయింది. అప్పట్నుంచీ అది మా బావ చెయ్యి పడితే తప్ప పాలు చేపదు. బావ ఆసుపత్రిలో పడ్డాక మా అక్క ఆదిలక్ష్మి ఆయన లుంగీ కట్టుకుని, ఆయన చొక్కా తొడుక్కుని, తలకి ఆయన తుండే చుట్టుకుని చెంబు పట్టుకెళ్లింది. మంగ తల తిప్పి అక్కని కిందనుంచి పైదాకా చూసి, చెంబుని వీధిలోకి తన్నింది. ఎంత బతిమాలినా గ్లాసుడు పాలు వదిలి మిగతావి పొదుగులోనే బిగబట్టుకుంటోంది. పాలు నిలవుంటే పొదుగు వాస్తుంది. చన్ను చెడుతుంది. చన్ను చెడిన గేదెని కొనేది కటికవాడొక్కడే. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క గేదే.

మర్నాడు పొద్దున బావ చొక్కా గుండీలు పెట్టుకుని, చెప్పులేసుకుని, మంచం మీద తయారుగా కూర్చున్నాడు. సిస్టర్ కరుణకుమారి వచ్చింది. చేతిలో డిశ్చార్జి చీటీ లేదు. ట్యాబు ఉంది.

"ఇంటికి పంపే ముందు ప్రతి రోగినీ గుంపులో వెయ్యాలి బాబాయ్. నెల తిరక్కుండా మళ్లీ వచ్చి చేరేవాళ్లు ఎర్ర గుంపు. రానివాళ్లు పచ్చ గుంపు."

"నేనే గుంపమ్మా?"

"పచ్చే."

"అయితే పోతా." బావ లేచాడు.

"ఆగు బాబాయ్. పచ్చ అని కంప్యూటరు చెప్పింది. కానీ ఆ మాట ఎంత గట్టిగా చెప్తున్నావని దాన్నే మళ్లీ అడగాలంట. కొత్త రూలు. సందేహం ఇరవై శాతం దాటితే పంపకూడదు. నీది నలభై ఆరుంది."

"నాకే సందేహమూ లేదు తల్లీ."

"నీది కాదు, దానిది."

ఆ సందేహం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. ముందు రోజు సాయంత్రం సిస్టరు ప్రశ్నలు అడిగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఒంట్లో పూర్తిగా తగ్గిందా అంటే బావ "పరవాలేదు" అన్నాడు. మందులు వేళకి వేసుకుంటారా అంటే "చూద్దాం" అన్నాడు. ఇంటికి వెళ్లాక ఆరోగ్యంగా ఉంటారా అంటే పైకప్పు కేసి చూసి, "ఏదో, ఆ పైవాడి దయ" అన్నాడు. మరి మనవైపు బాగున్నానని బల్లగుద్ది చెప్పేవాడు ఎవడన్నా ఉన్నాడా? చెప్తే దిష్టి తగలదూ? కుండెడు సంగటి తిని త్రేన్చినవాణ్ణి అడిగినా "ఏదో ఇలా ఉన్నాం" అంటాడు గానీ కడుపు నిండిందంటాడా? కరుణకుమారి నిజాయితీ గల పిల్ల. ఎవరేం చెప్తే అది ఉన్నదున్నట్టు ఎక్కించింది. కంప్యూటరు ఆ పరవాలేదులూ, చూద్దాంలూ, పైవాడి దయలూ అన్నీ సందేహం కింద జమకట్టుకుంది. దాంతో వార్డు వార్డంతా నలభై దాటింది. ఆ పూట ఒక్కరు కూడా గడప దాటలేదు.

నేను డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చేతులు కడుక్కుంటూ, "నేను జబ్బు తగ్గించేవాణ్ణేనయ్యా. సందేహం తగ్గించడానికి వేరే ఆయన వస్తున్నారు" అన్నారు.

ఆ వేరే ఆయన మధ్యాహ్నానికి దిగారు. పేరు త్రివిక్రమరావు గారు. సందేహ నివారణ నోడల్ అధికారి. తెల్ల చొక్కా, మెళ్లో కార్డు, వెనకాల లాప్‌టాప్ మోసే మనిషి. వార్డు మధ్యలో నిలబడి మాట్లాడారు. మాట్లాడేటప్పుడు ఆయన రోగుల్ని చూడరు, వాళ్ల తలల మీదుగా గోడని చూస్తారు.

"మిత్రులారా! ఇంతకాలం ఈ వ్యవస్థ రోగాన్ని కొలిచింది. ఇకమీదట మన అజ్ఞానాన్ని కొలవబోతున్నాం. కొలవని అజ్ఞానం ప్రమాదకరం. కొలిచిన అజ్ఞానం విజ్ఞానం. రోగి తిరిగి వస్తాడా రాడా అన్నది పాత ప్రశ్న. ఆ విషయం మనకు ఎంత తెలియదో మనకు ఎంత తెలుసు? అదీ ప్రశ్న."

మూల మంచం మీద ముసలాయన దణ్ణం పెట్టాడు. పురాణం అనుకున్నాడు.

బావ చెయ్యి ఎత్తాడు. "సారూ, మా బర్రె..."

ఆయన లాప్‌టాప్‌లో చూశారు. "పిచ్చయ్య. నలభై ఆరు. మీ సమస్య సమాచార లోపం. ఇంతకు ముందు ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారు?"

"ఇదే మొదలు సారూ. పుట్టి బుద్ధెరిగి ఆసుపత్రి మెట్టెక్కలా."

"చూశారా!" త్రివిక్రమరావు గారు నిజంగా బాధపడ్డారు. "ఇంత వయసొచ్చింది. ఒక్కసారి కూడా జబ్బు పడలేదు. మరి వ్యవస్థ మిమ్మల్ని ఎలా అర్థం చేసుకోవాలి? పౌరుడిగా మీ బాధ్యత ఏం నెరవేర్చినట్టు?"

బావ తలొంచుకున్నాడు. మళ్లీ జబ్బు చేయనివ్వనని, అంటే చేయనిస్తానని, ఏదో గొణిగాడు. అది కూడా సందేహంలోకే పోయింది.

బావ పక్క మంచం ఏడుకొండలుది. తాగుడు మనిషి. నెలకోసారి కడుపు పట్టుకుని వస్తాడు, సెలైన్ ఎక్కించుకుని పోతాడు, దారిలోనే మళ్లీ తాగుతాడు. సిస్టరు అడిగింది: "ఏడుకొండలూ, మళ్లీ వస్తావా?"

"రాకపోతే ఏడకి పోతా సిస్టరమ్మా? వచ్చే నెల మొదటి వారం, నిక్షేపంగా వస్తా. ఈ మంచమే ఉంచు."

ట్యాబు టింగుమంది. ఎర్ర గుంపు. సందేహం సున్నా. త్రివిక్రమరావు గారు పరుగున వచ్చి ఏడుకొండలు చెయ్యి పట్టుకుని ఊపారు. "ఇదీ స్పష్టత! మీరు రోగి కాదండీ, కొలబద్ద!" అని, తన బల్ల మీది పళ్లన్నీ తెప్పించి అతని ఒళ్లో పోసి, ఆ నిమిషమే ఇంటికి పంపించారు. ఏడుకొండలు ఆపిల్ పండు కొరుక్కుంటూ బావ వంక జాలిగా చూశాడు. "ఏంది పెద్దాయనా, ఇంకా ఇక్కడే ఉండావా? అంత పెద్ద జబ్బా?"

బావ సమాచార లోపం పోగొట్టడానికి త్రివిక్రమరావు గారు ఒక ఉపాయం కనిపెట్టారు. నమూనా డిశ్చార్జి. అంటే రోగిని నిజంగా పంపకుండా, పంపినట్టు చేసి, తిరిగొస్తాడో లేదో చూడటం. గేటు అవతల టీ బంకు దాకా పోవాలి. అరగంటలో వచ్చెయ్యాలి. రాకపోతే ఆరోగ్య కార్డు రద్దు.

నేనూ బావా పోయాం. టీ తాగాం. అరగంటకల్లా వచ్చేశాం. గేటు దగ్గర త్రివిక్రమరావు గారు గడియారం చూసుకుని పెదవి విరిచారు.

"తిరిగి వచ్చారు."

"మీరే రమ్మన్నారు కదండీ" అన్నాను.

"కారణం అప్రస్తుతం. అరగంటలో తిరిగొచ్చిన రోగిని పచ్చ గుంపులో ఎలా ఉంచమంటారు?"

బావ పచ్చలోంచి జరిగి పచ్చకీ ఎరుపుకీ నడిమధ్య ఆగాడు. సందేహం నలభై తొమ్మిదైంది. తర్వాత పంపినాయన టీ బంకు పక్కనే కంభం బస్సు ఆగి ఉంటే ఎక్కి పోయాడు. ఆయనే ఆ నెల మొత్తానికి ఉత్తమ పచ్చ. అది చూసి మేమూ రెండోసారి బస్సు ఎక్కేద్దామనుకున్నాం గానీ, అప్పటికి కావలివాడు రోగుల తుండుగుడ్డ కొస పట్టుకుని కూడా రావడం మొదలుపెట్టాడు.

ఈలోగా వార్డు నిండింది. మంచానికి ఇద్దరు. తర్వాత మంచాల కింద కూడా. జబ్బు లేనివాళ్లు మంచాల మీద, కొత్తగా జబ్బు చేసినవాళ్లు వరండాలో. ఎవరినీ పంపకపోతే ఎవరూ తిరిగి రారు కదా, ఆ నెల తిరిగి చేరినవాళ్ల లెక్క దాదాపు సున్నాకి పడిపోయింది. పైనుంచి సూపరింటెండెంటు డాక్టరమ్మకి మెచ్చుకోలు షీల్డు వచ్చింది. ఆ షీల్డు పెట్టడానికి ఎక్కడా జాగా లేక బావ మంచం మీదే కాళ్ల దగ్గర పెట్టారు.

అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "తమ్ముడూ, పొదుగు రాయి మాదిరుందిరా. చెయ్యి వేస్తే కాలు ఎత్తుద్ది. నిన్నటి నించీ మేత కూడా ముట్టలా. పశువుల డాక్టరొచ్చి, చేపించేవాడు రాకపోతే ఇంకో నాలుగు రోజులు చూసి అమ్ముకోమన్నాడు. ఆయన్ని ఎట్టాగైనా తీసుకురా."

ఫోన్ బావకిచ్చాను. బావ "మంగ దగ్గర పెట్టు" అన్నాడు. అక్క ఫోను గేదె చెవి దగ్గర పెట్టినట్టుంది. బావ "హోయ్ హోయ్, మంగమ్మా, నా తల్లే" అన్నాడు. అటునుంచి అంబా అని పెద్దగా అరుపు. వార్డు మొత్తం విన్నది. అవతల మంచాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఫోన్ పెట్టేసి బావ నాతో అన్నాడు: "బామ్మర్దీ, ఆ తాగుబోతు ఏడుకొండల్ని ఎందుకు పంపారో ఆలోచించావా?"

"తిరిగొస్తానన్నాడు కాబట్టి."

"కాదు. గట్టిగా అన్నాడు కాబట్టి. ఎర్రో పచ్చో వీళ్లకి పనిలేదు. వీళ్లకి కావలసింది గట్టిగా చెప్పేవాడు. సిస్టర్ని పిలువు."

"పచ్చే గట్టిగా చెప్పు బావా. రానంటే రానని."

"బాగున్నా, ఇంక రానని ఈ నోటితోనా? దిష్టి కొట్టదూ? ఎర్రే చెప్తా, తిరిగొస్తానని."

ఈ మాట అక్కకి ఫోన్లో చెప్తే ఆమె ఇంకా హడలిపోయింది. "వస్తానని అంటాడా? ఆసుపత్రికి మళ్లీ వస్తానని నోటితో అంటారా ఎవరన్నా? పైన తథాస్తు దేవతలు ఉండరూ?"

బావ ఫోన్ లాక్కున్నాడు. "ఉంటే ఉన్నీవే! బర్రె పొదుగు వాస్తే తథాస్తు దేవతలొచ్చి పాలు పితుకుతారా?"

సిస్టరు ట్యాబు తెచ్చింది. త్రివిక్రమరావు గారు కూడా వచ్చి నిలబడ్డారు. బావ నిటారుగా కూర్చున్నాడు.

"ఇంటికి వెళ్లాక ఆరోగ్యంగా ఉంటారా?"

"ఉండను."

"మందులు వేళకి వేసుకుంటారా?"

"చచ్చినా వేసుకోను."

"నెలలోపు తిరిగి వస్తారా?"

బావ కళ్లు పైకి పోబోతుంటే నేను మోచేత్తో పొడిచాను. "తప్పకుండా వస్తా. ఒట్టు. మా మంగ మీద ఒట్టు."

ట్యాబు టింగుమంది. ఎరుపు. సందేహం సున్నా.

ఫొటో తీశారు. బావ మెడలో బంతిపూల దండ. పక్కన త్రివిక్రమరావు గారు, సూపరింటెండెంటు డాక్టరమ్మ, షీల్డు. "అయోమయం నుంచి నిశ్చయానికి ప్రయాణించిన ఈ సామాన్య రైతు మన సంస్థకే గర్వకారణం" అన్నారు సారు. బావ ఆ దండతోనే ఆటో ఎక్కాడు. ఇంటికి పోయి తిన్నగా కొట్టంలోకి నడిచాడు. మంగ ముందు దండ తినేసింది. తర్వాత చేపింది. ఒక చెంబు నిండి, ఇంకో చెంబు నిండి, అక్క బిందె తెచ్చింది. అక్క ఆ పూట దేవుడికి దీపం పెట్టి, బావ అన్న మాట పట్టించుకోవద్దని తథాస్తు దేవతలకి వేరేగా దణ్ణం పెట్టుకుంది.

దేవతలు విన్నారు. బావకి దగ్గు కూడా రాలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మూడు వారాలు దాటాక ఆసుపత్రి నుంచి ఫోన్లు. త్రివిక్రమరావు గారే స్వయంగా.

"పిచ్చయ్య గారూ, ఒంట్లో ఎలా ఉంది?"

"ఏదో, పరవాలేదు సారూ."

"పరవాలేదా?" గొంతులో ఆందోళన. "ఆయాసం? జ్వరం? రాత్రిళ్లు ఏమన్నా?"

"ఏం లేదు సారూ."

"అలా నిరుత్సాహపడకండి. ఇంకా టైముంది."

రోజుకోసారి చేశారు. తర్వాత పూటకోసారి. మంచులో తిరుగుతున్నారా అని అడిగారు. గడ్డివాము మళ్లీ ఎప్పుడు వేస్తారని అడిగారు. గడువు ఇంక ఒక్క రోజు ఉందనగా, బావ మంగ కింద కూర్చుని పితుకుతుంటే, కుయ్యో కుయ్యోమంటూ అంబులెన్సు వచ్చి కొట్టం ముందు ఆగింది. త్రివిక్రమరావు గారు దిగారు. వెనకాల కరుణకుమారి, కావలివాడు, చక్రాల మంచం. ఊళ్లో సగం మంది చుట్టూ మూగారు. బావ పోయాడేమోనని ఒకావిడ ఏడుపు కూడా మొదలెట్టింది.

"పిచ్చయ్య గారూ, రేపటితో గడువు. మీరు వస్తారని వ్యవస్థ నూటికి నూరు చెప్పింది. మీరు రాకపోతే ఆ నూరు అబద్ధం. ఒక నూరు అబద్ధమైతే మిగతా నూర్లన్నిటి మీదా సందేహం. జిల్లాలో మనమే మొదటి స్థానం. ఏడుకొండలుని కూడా నమ్ముకున్నాం, అతను దారుణంగా తాగుడు మానేశాడు."

"నాకు జబ్బు లేదు సారూ" అన్నాడు బావ, పితకడం ఆపకుండా.

"జబ్బు గురించి ఎవరడిగారండీ? వచ్చి పడుకోండి, చాలు."

"పడుకుంటే మళ్లీ ఇంటికి పంపుతారా?"

త్రివిక్రమరావు గారు అబద్ధం ఆడే మనిషి కాదు. "పంపాలంటే మళ్లీ సందేహం కొలవాలి. మాట తప్పకుండా వచ్చినవాడు మళ్లీ వస్తాడా రాడా అన్నది కొంచెం జటిలం."

అంతే, అక్క పేడ తట్ట కింద పడేసి మధ్యలోకొచ్చింది. "అయితే ఈ బర్రెని కూడా ఎక్కించుకోండి సారూ. ఆయన ఉన్న కాడే అది ఉండాల. మీ బండిలో పట్టిద్దేమో చూడండి."

త్రివిక్రమరావు గారు వెనక్కి తిరిగి అంబులెన్సు తలుపునీ, మంగనీ నిజంగానే కళ్లతో కొలిచారు. కాసేపు తల గోక్కున్నారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది.

"రోగి వార్డుకు రావాలని మాత్రమే నిబంధన. వార్డు రోగి దగ్గరకు రాకూడదని ఏ నిబంధనా లేదు!"

అక్కడే నిలబడి సూపరింటెండెంటు డాక్టరమ్మకి ఫోన్ చేశారు. ఆసుపత్రిలో మంచాలు లేక తల పట్టుకున్న ఆ తల్లి, ఇంకా అలాంటి కొట్టాలు ఊళ్లో ఎన్నున్నాయో కనుక్కోమంది.

సాయంత్రానికల్లా కొట్టం గోడ మీద 'తొమ్మిదో వార్డు' అని నీలం రంగుతో రాశారు. నులకమంచానికి ఒకటో నంబరు వేశారు. బావని దాని మీద కూర్చోబెట్టి చేర్చుకున్నారు. టింగుమంది. వ్యవస్థ చెప్పిందే జరిగింది. త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వార్డులోకి పశువులు రాకూడదని ఇంకో రూలు అడ్డొచ్చింది. మంగని బయట కట్టెయ్యమన్నారు. బావ చొక్కా వేసుకుని లేచాడు. దాంతో మంగని వైద్య పరికరాల్లో రాసుకుని, కొమ్ముకి చీటీ అంటించారు. 'అత్యవసర పరికరం, కదిలించరాదు.'

ఇప్పుడు రోజూ పొద్దున్నే కరుణకుమారి అంబులెన్సులో వచ్చి బావకి బీపీ చూస్తుంది. ఆసుపత్రి భోజనం వస్తుంది. రొట్టె, ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసుడు పాలు. మంగ పాలు పొద్దున్నే పాల కేంద్రానికి పోతాయి, కేంద్రం నుంచి ఆసుపత్రికి పోతాయి, ఆసుపత్రి నుంచి కాచి నీళ్లు కలిపి అంబులెన్సులో మంగ ముందుకే వస్తాయి. సిస్టరు చూస్తుండగా బావ తాగాలి. మంగ అటు తిరిగి నిలబడుతుంది. బావ సందేహం మళ్లీ నలభైల్లోనే ఉంది కాబట్టి ఇప్పట్లో డిశ్చార్జి అయ్యే ప్రమాదం లేదు. అదీ సంగతి. ఇంట్లో ఉన్నాడా, ఆసుపత్రిలో ఉన్నాడా అంటే నేనేం చెప్పను?

నిన్న మధ్యాహ్నం పోయి చూస్తే అక్క కొట్టం బయట చీపురూ తట్టా పట్టుకుని నిలబడి ఉంది. కావలివాడు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నాలుగింటికి గానీ లోపలికి పంపకూడదమ్మా. రోగిని చూసే టైము నాలుగు నించి ఆరు."

"నేను ఆయన్ని చూట్టానికి రాలేదయ్యా. ఇరవై ఏళ్ల నించీ చూస్తానే ఉండా. పేడ తియ్యాల."

"పేడకైనా పాసుండాలమ్మా."

అక్క నోరు తెరిచింది. ఆ నోటికి ఊళ్లో ఎదురు లేదు, కావలివాడి పని అయిపోయిందనుకున్నాను. అప్పుడే లోపలినుంచి చెంబులో పాలధార చప్పుడు మొదలైంది. సన్నగా కాదు, జర్రు జర్రుమని, నిండు పొదుగు ధార. అక్క చెవి అటు పడేసింది. నోరు మూసింది. తట్ట బోర్లేసి దాని మీద కూర్చుంది.

"సరేలే" అంది. "నాలుగింటికే పోతా."